తాతల నాటి మంగలికత్తి... మళ్లీ పదునెక్కేదెలా?

అటక మీద తాతల నాటి మంగలికత్తి తుప్పు పట్టి దొరికితే పాత ఇనుప సామాను వాడికి ఇచ్చేయకండి. ఓపిక ఉంటే ఇంట్లోనే దాన్ని మళ్లీ గడ్డం గీసే స్థితికి తేవచ్చు. ఆ పనిలో దాగిన విశేషాలివి.

• కత్తి కథ ఇనుప ఖనిజంతో మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్ దంతెవాడ జిల్లాలోని బైలదిల్లా కొండలు మేలైన ఇనుప ఖనిజానికి పేరుపొందాయి. బచేలి, కిరండూల్ గనుల్లో ఎన్‌ఎండీసీ తవ్వే ఈ హెమటైట్, అరకు మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో విశాఖపట్నం చేరుతుంది. రసాయనపరంగా అది ఐరన్ ఆక్సైడ్.

• కత్తి మీది తుప్పు కూడా ఐరన్ ఆక్సైడే, కాకపోతే నీటిని కలుపుకున్నది. కొలిమిలో ఎంతో వేడి పెట్టి విడదీసిన ఆక్సిజన్‌ను, కాస్త తడి తగిలితే చాలు, ఇనుము మళ్లీ చేరదీస్తుంది. ఇంకా వింత: శుభ్రం చేసిన కత్తికి మెరుగు పెట్టే ఎర్ర పొడి ‘రూజ్’ కూడా ఐరన్ ఆక్సైడే!

• పైపై తుప్పు, నూనె వేసి మెత్తని ఎమరీ కాగితంతో రుద్దితే పోతుంది. లోతుగా తిన్న గుంటలు పోవు. అవి పైభాగంలో ఉంటే ఫరవాలేదు. అంచు దాకా పాకితే మాత్రం ఆ కత్తిని ముఖానికి వాడకూడదు.

• తిరిగే సాన చక్రం జోలికి పోవద్దు. రాపిడి వేడికి పలచని అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే.

• కోణం కుదిర్చే పనిముట్టు కత్తిలోనే ఉంది. లావుపాటి వెన్నునూ అంచునూ కలిపి సానరాయికి ఆనించి నూరితే సుమారు 16, 17 డిగ్రీల కోణం దానంతటదే కుదురుతుంది. 1000 గ్రిట్ (రాయి నునుపు కొలత) రాయితో మొదలుపెట్టి 8000, 12000 దాకా వెళతారు.

• రాయి మీద అంచు ముందు నడవాలి, చివర్లో పదును తేర్చే తోలు పట్టీ మీద వెన్ను ముందు నడవాలి. ఇది తారుమారైతే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది.

• సాన పట్టే విద్య సుశ్రుత సంహితలోనూ ఉంది. శస్త్రాలను నూరడానికి మినుముల రంగు నున్నని రాయి, అంచును నిలపడానికి బూరుగు పలక వాడమని చెప్పి, వెంట్రుకను కోయగలిగితేనే పదును కుదిరినట్టని పరీక్ష పెట్టాడు సుశ్రుతుడు.

• నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మూసల్లో కరిగించిన ఇలాంటి భారతీయ ఉక్కుతో లండన్‌లో జేమ్స్ స్టొడార్ట్ మంగలికత్తులు చేశాడు. యూరప్ ఉక్కు కంటే ఇదే మేలని తన వ్యాపార కార్డు మీదే అచ్చు వేయించాడు. అతనితో కలిసి ఉక్కు మీద ప్రయోగాలు చేసిన మైకేల్ ఫారడే, తమ మిశ్రమ ఉక్కుతో చేసిన మంగలికత్తులను మిత్రులకు కానుకగా ఇచ్చాడు.

• కొన్ని పాత కత్తుల పిడి సెల్యులాయిడ్‌తో చేసినది. అది చివికితే వెలువడే ఆమ్ల వాయువులు పక్కనున్న ఉక్కును తినేస్తాయి. అలాంటి పిడిని వెంటనే మార్చాలి.

• ఉక్కు కంటే వెంట్రుక 50 రెట్లు మెత్తన. అయినా అంచును పెచ్చులూడదీస్తుంది! అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు 2020లో సూక్ష్మదర్శిని కింద దీన్ని చూపించారు. అందుకే గీసుకునే ముందు ప్రతిసారీ కత్తిని తోలుపై తిప్పాలి.

• సిద్ధమైన కత్తిని క్రిమిరహితం చేసి ఒక్కరే వాడాలి. రక్తం ద్వారా హెపటైటిస్-బి వంటివి సోకే ప్రమాదం ఉంది. వాడాక పొడిగా తుడిచి, ఒక చుక్క కుట్టు మిషను నూనె పూయాలి. వానలు ఎక్కువగా పడే చోట ఈ అలవాటు తప్పనిసరి. ఆ ఒక్క నిమిషం శ్రద్ధ చూపితే తాత కత్తి మనవడి తరానికీ పనికొస్తుంది.