గొంగడి ఎందుకు గుచ్చుకుంటుంది? 30 మైక్రాన్ల వెనుక అసలు కథ ఇదీ!

తాతల నాటి నల్ల గొంగడి ఎప్పుడైనా ఒంటికి చుట్టుకున్నారా? రెండు నిమిషాల్లోనే మెడ దగ్గర దురద మొదలవుతుంది. ‘ఉన్ని నాకు పడదు, అలర్జీ’ అని చాలామంది పక్కన పెట్టేస్తారు. నిజానికి చాలాసార్లు అది అలర్జీ కానే కాదు.

1980లలో ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ దురద సంగతి తేల్చారు. ఉన్ని పోగు మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సన్నటి పోగు చర్మానికి తగలగానే వంగిపోతుంది. 30 మైక్రాన్లు దాటిన పోగు వంగదు, కొసతో పొడుస్తుంది. దాంతో చర్మంలోని నరాల చివరలు మేల్కొంటాయి. ఇలాంటి పోగులు వందకు ఐదు ఉన్నా చాలు, బట్ట గుచ్చుకుంటుంది.

సూట్లు, స్వెటర్లకు వాడే మెరినో ఉన్ని సుమారు 20 మైక్రాన్లే. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల్లో మేసే దక్కనీ గొర్రె ఉన్నిలో 30 దాటిన పోగులే ఎక్కువ. పైగా నలుపు కాబట్టి రంగు అద్దడం కుదరదు. అందుకే మార్కెట్లో ‘ముతక ఉన్ని’ అని ముద్ర పడిపోయింది.

ఇక్కడో విషయం గమనించాలి. ఆ లెక్క ఒంటికి ఆనుకునే బట్టలకు సంబంధించింది. గొంగడి పైన కప్పుకునేది! చింతగింజల గంజి పట్టించి నేసే ఈ మందపాటి కంబళి వానకు, చలికి కాపరికి గొడుగు, పరుపు, దుప్పటి అన్నీ. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. నూలులా గబుక్కున అంటుకోదు కూడా.

మన దేశంలో ఉన్ని పరిశోధనకు పెద్ద కేంద్రం రాజస్థాన్‌లోని అవికానగర్‌లో ఉంది. 1962లో మొదలైన ఈ కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ విదేశీ పొట్టేళ్లతో సంకరం చేసి, సన్నటి ఉన్ని కోసం ‘భారత్ మెరినో’ను తయారు చేసింది. ముతక ఉన్నినీ వదిలేయలేదు. కార్పెట్లు, దుప్పట్లతో పాటు పనికిరాని ఉన్నిని పొలానికి ఎరువుగా వాడటంపైనా పని జరిగింది. ఉన్నిలో నత్రజని దాదాపు 16 శాతం మరి!

మందల దగ్గర మాత్రం సీన్ వేరు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించే దక్కనీ ఉన్నికి కూలి ఖర్చు కూడా రాక కాపర్లు చాలాచోట్ల పారేస్తున్నారు. మాంసానికి గిరాకీ పెరగడంతో ఉన్ని లేని నెల్లూరు రకం వైపు మళ్లారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన పంపిణీలో, యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చినవాటిలోనూ ఆ రకమే ఎక్కువ. దక్కనీ గొర్రెను నెల్లూరు పొట్టేలుతో దాటిస్తే పుట్టే పిల్లల్లో ఉన్ని బాగా తగ్గిపోతుంది. దీంతో గొంగడి నేసే కురుమలకు ఇప్పుడు ఉన్ని దొరకడమే కష్టమవుతోంది.