కుక్క చూసేది మన పాదాలనే

మీ ఇంట్లో కుక్క ఉంటే ఇవాళ ఒక చిన్న పరీక్ష పెట్టండి. 'సిట్' అనగానే కూర్చోవడం దానికి బాగా అలవాటే అనుకుందాం. ఈసారి దానికి వీపు చూపించి, చేతులు కట్టుకొని, అదే గొంతుతో అదే మాట అనండి. చాలా కుక్కలు కూర్చోవు. కాసేపు తికమకపడి, చుట్టూ తిరిగి మీ ముందుకొచ్చి మొహంలోకి చూస్తాయి. మీరన్న మాటలో మార్పేమీ లేదు, మారిందల్లా మీరు నిలబడ్డ తీరు. ఇన్నాళ్ళూ అది మీ మాట విని కూర్చుంటోందని మీరు మురిసిపోయారు. అది మాత్రం మీరు చెయ్యి ఎత్తడం, నడుము కాస్త వంచడం చూసి కూర్చుంటోంది.

ఈ ఒక్క సంగతి మీద నిలబడిన ఆట ఒకటుంది. దాని పేరు డాగ్ అజిలిటీ. తెలుగులో చెప్పాలంటే కుక్క, మనిషి జట్టుగా ఆడే అడ్డంకుల పరుగు.

వరంగల్‌లో కుక్కల విన్యాసం అనగానే మనకు గుర్తొచ్చేది పోలీసు జాగిలాలే. మేడారం జాతరకు ముందు బాంబు తనిఖీల్లోనో, ఏదైనా దొంగతనం జరిగిన వీధిలోనో వాటిని చూసి ఉంటాం. ఇక డాగ్ షో అంటే రింగులో నడిపించి ఒడ్డూ పొడుగూ, బొచ్చు, పళ్ళ వరుస చూసి బహుమతి ఇచ్చే అందాల పోటీ. అజిలిటీ ఈ రెండింటికీ భిన్నం. ఇందులో వాసన పట్టే పని లేదు, అందానికి మార్కులు లేవు. ఎన్ని అడ్డంకులను తప్పు లేకుండా దాటింది, ఎంతసేపట్లో దాటింది అన్నదే లెక్క.

విరామం నింపడానికి పుట్టిన ఆట

ఈ ఆట పుట్టుక వెనుక పెద్ద ఆశయమేమీ లేదు. అప్పట్లో ఏటా లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ డాగ్ షోలో 1978లో రెండు ప్రధాన కార్యక్రమాల మధ్య కొంత ఖాళీ సమయం మిగిలింది. ప్రేక్షకులు లేచిపోకుండా ఏదైనా చూపించాలని నిర్వాహకుల్లో ఒకరైన జాన్ వార్లీ అనుకున్నారు. గుర్రాల జంపింగ్ పోటీలు అక్కడివారికి బాగా తెలిసినవే. అలాంటిదే కుక్కలతో చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనతో ఆయన శిక్షకుడు పీటర్ మీన్‌వెల్ సాయం తీసుకున్నారు. ఆ ప్రదర్శనకు జనం ఊగిపోయారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1980లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీన్ని అధికారిక పోటీగా గుర్తించింది. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ 1996 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్ నడుపుతోంది. చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కూడా ఆ సమాఖ్యతో అనుబంధం ఉన్నదే.

మైదానంలో ఏముంటుంది

కబడ్డీ కోర్టు కొలతలు పోటీ పోటీకీ మారవు. అజిలిటీలో మాత్రం అడ్డంకులు అవే అయినా వాటి వరుస ప్రతి పోటీకీ మారిపోతుంది. సాధారణంగా 15 నుంచి 22 అడ్డంకులు ఉంటాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది న్యాయనిర్ణేత గీసిన పటం ప్రకారం నంబర్లు పెట్టి చూపిస్తారు.

ఎక్కువగా ఉండేవి దూకే కడ్డీలు. రెండు స్తంభాల మీద ఊరికే ఆనించిన కడ్డీ అది, కాలు తగిలితే పడిపోతుంది. కుక్క ఎత్తును బట్టి కడ్డీ ఎత్తు మారుతుంది కాబట్టి పొమేరేనియన్ వచ్చి జర్మన్ షెపర్డ్‌తో పోటీ పడాల్సిన అవసరం లేదు. తర్వాత గుడ్డతో చేసిన గొట్టం లాంటి సొరంగం. అది వంపు తిరిగి ఉంటే అవతలి చివర కుక్కకు కనపడదు. మూడోది అడుగు వెడల్పు పలకలతో కట్టిన వంతెన. ఒక పలక ఎక్కి, నాలుగడుగుల ఎత్తున ఇంకో పలక మీద నడిచి, మరో పలక దిగాలి. నాలుగోది మన ఇంటి పైకప్పులా రెండు వాలు పలకలను కలిపి నిలబెట్టిన ఏ-ఫ్రేమ్. ఐదోది పార్కులో పిల్లలు ఊగే సీ-సా లాంటిది. కుక్క మధ్య దాటగానే అవతలి చివర ధనామని నేలకు తగులుతుంది. ఆ చప్పుడుకు బెదిరిన కుక్క మళ్ళీ దాని దగ్గరికి రావడానికి నెలలు పట్టవచ్చు.

అన్నిటికన్నా కష్టమైనది కర్రల వరుస. 60 సెంటీమీటర్ల ఎడంతో నిలబెట్టిన 12 కర్రల మధ్య నుంచి కుక్క జడ అల్లినట్టు సాగాలి. మొదటి కర్ర ఎప్పుడూ దాని ఎడమ భుజం పక్కనే ఉండాలి. ఒక్క సందు తప్పినా సరిదిద్దుకోవాల్సిందే. దూకడం, పాకడం ఏ కుక్కకైనా సహజంగా వచ్చే పనులు. కర్రల మధ్య అల్లికలా పరుగెత్తడం ఏ కుక్కా తనంతట తాను చెయ్యదు. అందుకే శిక్షణలో ఎక్కువ కాలం తినేది ఇదే.

వంతెనకు, ఏ-ఫ్రేమ్‌కు, సీ-సాకు ఇంకో మెలిక ఉంది. పలకల కింది భాగంలో దాదాపు మూడడుగుల మేర వేరే రంగు వేస్తారు. దిగేటప్పుడు కుక్క కనీసం ఒక్క పాదమైనా ఆ రంగు మీద పెట్టి తీరాలి. పై నుంచే గెంతి కాళ్ళు విరగ్గొట్టుకోకుండా పెట్టిన నియమం ఇది. రక్షణ కోసం పెట్టిందే ఆటలో పెద్ద పరీక్ష అయింది. ఉరుకులో ఉన్న కుక్కను సరిగ్గా అక్కడ నెమ్మదింపజేయడం మాటలు కాదు.

లెక్క ఎలా వేస్తారు

కడ్డీ పడితే 5 ఫాల్టులు, అంటే తప్పు మార్కులు. రంగు భాగం తాకకుండా దిగితే 5. అడ్డంకి దాకా వచ్చి ఆగిపోయినా, పక్కనుంచి వెళ్ళిపోయినా 5. అలా మూడుసార్లు మొరాయిస్తే పోటీ నుంచి ఔట్. వరుస తప్పి వేరే అడ్డంకి దూకితే ఒక్కసారికే ఔట్. దీనికి తోడు గడువు ఉంటుంది, దాటిన ప్రతి సెకనుకూ ఒక ఫాల్టు.

ఒక ఉదాహరణ చూద్దాం. కోర్సు పొడవు 160 మీటర్లు, గడువు 45 సెకన్లు. చిట్టి అనే కుక్క 47.20 సెకన్లలో ముగించింది, మధ్యలో ఒక కడ్డీ పడింది. కడ్డీకి 5, ఆలస్యానికి 2.20, మొత్తం 7.20. పక్కింటి కుక్క రాజు 44 సెకన్లలో వచ్చాడు కానీ రెండు కడ్డీలు పడగొట్టాడు, అంటే 10. గెలిచింది చిట్టి. రాజు కన్నా నెమ్మదిగా, గడువు చివరి సెకనులో తప్పు లేకుండా వచ్చిన మూడో కుక్క ఉంటే ఇద్దరూ దాని వెనకే. వేగం కన్నా ముందు చూసేది శుభ్రమైన పరుగే.

మనిషికి కూడా కట్టుబాట్లున్నాయి. కుక్కను తాకకూడదు, అడ్డంకిని తాకకూడదు. చేతిలో తిండి గానీ బంతి గానీ ఉండకూడదు. కుక్కకు తాడు ఉండదు. ఇక మిగిలేవి గొంతు, చేతులు, భుజాలు, పాదాలు.

అరసెకనులో తేలిపోయే సంగతి

పోటీకి ముందు కొన్ని నిమిషాలు కుక్కలు లేకుండా మనుషుల్ని మాత్రమే మైదానంలోకి వదులుతారు. చూసేవాళ్ళకు నవ్వొచ్చే దృశ్యం అది. పెద్దపెద్దవాళ్ళు, పక్కన లేని కుక్కకు చెయ్యి చూపిస్తూ, గిర్రున తిరుగుతూ, వెనక్కి నడుస్తూ ఉంటారు. ఎక్కడ ఏ పక్కన ఉండాలో, ఎక్కడ పక్క మార్చాలో కాళ్ళకు బట్టీ పట్టిస్తున్నారన్న మాట.

ఎందుకంత అవసరం? కుక్క మీ ఎడమ పక్కన పరుగెడుతోంది అనుకోండి. ఎదురుగా ఉన్న కడ్డీ దూకగానే దారి ఎడమకు తిరుగుతుంది. మీరు అలాగే కుడి పక్కన ఉండిపోతే మలుపుకు బయట పడతారు, మీ దారి పొడవవుతుంది, కుక్క మిమ్మల్ని దాటిపోతుంది. అందుకని మీరు దానికన్నా ముందు కడ్డీ అవతలికి చేరాలి. దాని వైపు ముఖం తిప్పుకుంటూ గుండ్రంగా తిరిగి, దాన్ని మీ కుడి పక్కకు తీసుకోవాలి. దీన్ని ఫ్రంట్ క్రాస్ అంటారు. చెప్పడానికి మూడు వాక్యాలు పట్టింది, చెయ్యడానికి సెకను కూడా ఉండదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. దూకాక ఎటు తిరగాలో కుక్క గాలిలో నిర్ణయించుకోదు, నేల విడవకముందే నిర్ణయించుకుంటుంది. ఎడమకు తిరగాలని ముందే తెలిస్తే అడుగులు దగ్గరకు తీసి, ఒళ్ళు వంచి, కడ్డీ పక్కనే దిగుతుంది. తెలియకపోతే తిన్నగా, దూరంగా దూకుతుంది. అది గాలిలో ఉన్నప్పుడు మీరు 'ఇటు, ఇటు' అని ఎంత అరిచినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. దిగిన చోట దాని కంటికి ఎదురుగా ఇంకో అడ్డంకి ఉంటే దాన్నే దూకేస్తుంది. గ్యాలరీలో అందరూ 'కుక్క తప్పు చేసింది' అంటారు. నిజానికి అది మీ పాదాలు చూపిన దిక్కుకే వెళ్ళింది.

ఏ జాతి కుక్క కావాలి

ప్రపంచ పోటీల్లో ఎక్కువగా కనిపించేది బోర్డర్ కోలీ. అది గొర్రెల కాపరి కుక్క. దూరం నుంచి కాపరి ఈలనూ, కదలికనూ కనిపెట్టి మందను మళ్ళించడం దాని తరతరాల వృత్తి. గొల్లకురుమల మందల వెంట తిరిగే కుక్కలను చూసినవాళ్ళకు ఇది కొత్తగా తోచదు. కొల్లేరు ప్రాంతంలో బాతుల మందలను కాసిన జోనంగి కుక్కలదీ ఇదే విద్య.

అయితే ఈ ఆటకు జాతి కాగితాలు తప్పనిసరి అనుకోవద్దు. అమెరికాలో పేరున్న వెస్ట్‌మినిస్టర్ షో వాళ్ళ అజిలిటీ పోటీని 2024లో గెలిచింది నింబుల్ అనే సంకరజాతి కుక్క, అదీ పొట్టి కుక్కల తరగతి నుంచి వచ్చి. మన దేశవాళీ కుక్కలనూ తక్కువ చేయనక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని టెకన్‌పూర్ బీఎస్ఎఫ్ కేంద్రంలో శిక్షణ పొందిన రియా అనే ముధోల్ హౌండ్ 2024 అఖిల భారత పోలీస్ డ్యూటీ మీట్‌లో విదేశీ జాతులను వెనక్కి నెట్టి జాడ పట్టే విభాగంలో మొదటి స్థానం తెచ్చుకుంది. వీధిలో గోడలెక్కి, సందులు దూరి, ఆటోలను తప్పించుకు బతికిన మన ఊరకుక్కకు ఒడుపు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. మనిషి మీద నమ్మకం కుదిర్చితే చాలు.

మన దగ్గర ఎలా మొదలుపెట్టాలి

తెలంగాణలో అడ్డంకుల శిక్షణ పద్ధతిగా జరిగేది పోలీసు శాఖలో. మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో జాగిలాలకూ వాటి హ్యాండ్లర్లకూ కలిపే నెలల తరబడి తర్ఫీదు ఇస్తారు. కుక్కనూ మనిషినీ విడదీయకుండా జంటగా తయారుచేయడం మనం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం. సామాన్యుల కోసమైతే హైదరాబాద్ కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లో డాగ్ పార్కు తెరిచింది. ఒకప్పుడు చెత్త పోసిన 1.3 ఎకరాల జాగాలో కుక్కలు ఎక్కి దూకే సామగ్రి పెట్టారు.

వరంగల్ వాళ్ళు అంత దూరం పోనక్కర్లేదు, ఇంటి మిద్దె చాలు. రెండు ప్లాస్టిక్ స్టూళ్ళ మధ్య పీవీసీ పైపు ఆనిస్తే కడ్డీ. పిల్లలు ఆడుకునే గుడ్డ గొట్టం సొరంగం. ఇసుక నింపిన డబ్బాల్లో నిలబెట్టిన ఆరు కర్రలు అల్లిక నేర్పడానికి సరిపోతాయి. సీ-సాకు బదులు ఒక్క ఇటుక మీద పెట్టిన పలక. మొదట్లో పలక కదలికకు, చప్పుడుకు అలవాటు పడితే చాలు, ఎత్తు తర్వాత సంగతి.

వరుస మాత్రం తప్పొద్దు. మొదటి రెండు మూడు నెలలు అడ్డంకులే వద్దు. పిలిస్తే రావడం, ఆగమంటే ఆగడం, ఎడమ పక్కన, కుడి పక్కన సమానంగా పరుగెత్తడం నేర్పాలి. సరైన పని చేసిన క్షణంలోనే 'శభాష్' అనో, నాలుకతో టక్ మనో ఒకే గుర్తు ఇచ్చి, వెంటనే ఉడకబెట్టిన చికెన్ ముక్క గోరంత పెట్టాలి. ఉల్లి, మసాలా ఉన్నది వద్దు, ఉల్లి కుక్కలకు విషం. పది నిమిషాలు మించకుండా, అది ఇంకా ఆడదామని చూస్తుండగానే ఆపేయాలి.

వయసూ ముఖ్యమే. ఎముకలు ఎదిగే దశలో ఎత్తులు దూకిస్తే కీళ్ళు జీవితాంతం బాధ పెడతాయి. ఎఫ్‌సీఐ పోటీల్లో 18 నెలలు నిండని కుక్కను రానివ్వకపోవడానికి కారణం అదే. అంతవరకు కడ్డీని నేల మీదే పెట్టండి. లావుగా ఉన్న కుక్కను ముందు సన్నబరచాలి. ఏదైనా మొదలుపెట్టే ముందు పశువైద్యుడికి చూపించి తుంటి, మోకాళ్ళు పరీక్ష చేయించాలి. గచ్చు మీద దూకించొద్దు. మట్టి, గడ్డి, లేదంటే దళసరి రబ్బరు పట్టా వేయాలి.

ఇక మన ఎండలు. కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దానికి ప్రధానమైన చల్లార్పు. 43 డిగ్రీలు కాసే ఊళ్ళో మే నెల ఆట తెల్లవారుజామున ఆరింటికల్లా అయిపోవాలి. మిద్దె గచ్చు మీద మీ అరచేతి వెనుక భాగం ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలకూ అది పనికిరాదు. నీళ్ళ గిన్నె ఎప్పుడూ పక్కన ఉండాలి.

మొదటి రోజు ఇంకో పని కూడా చేయండి. ఫోన్‌ను పిట్టగోడ మీద ఆనించి వీడియో పెట్టి, ఒకే ఒక్క కడ్డీ దూకించి, ఎడమకు తిప్పండి. కుక్క తప్పిందనిపిస్తే దాన్ని తిట్టకండి. వీడియో వెనక్కి జరిపి, అది నేల విడిచిన క్షణం దగ్గర ఆపి, మీ కాలివేళ్ళు ఎటు చూస్తున్నాయో గమనించండి. కుక్క కూడా అటే వెళ్ళి ఉంటుంది.