తుప్పు తిన్న తలుపు

ఇనుము గనిలో ఆమ్లజనితో కలిసి ఉంటుంది. మానవుడు దానిని కొలిమిలో కరిగించి, ఆ బంధాన్ని తెంచి, లోహంగా మలుస్తాడు. అయితే గాలీ నీరూ తగిలితే చాలు, అది తిరిగి తన పూర్వరూపం వైపు మరలుతుంది. ఆ మరలిపోవడమే తుప్పు. రాగికి, ఇత్తడికి పట్టేది చిలుము. ఇనుముకు పట్టేది తుప్పు. తెలుగువారు ఈ రెంటికీ వేరువేరు మాటలు వాడటంలో ఔచిత్యం ఉంది. రాగిపై చిలుము పొరగా అంటుకొని అడుగునున్న లోహాన్ని కొంతవరకు కాపాడుతుంది. తుప్పు అటువంటి రక్షణ ఇవ్వదు. అది మూల లోహం కంటె ఎక్కువ చోటు ఆక్రమించి, ఉబ్బి, పెచ్చులుగా రాలిపోతుంది. రాలిన ప్రతిసారీ కొత్త ఇనుము గాలికి బయటపడుతుంది.

ఈ సంగతిని పాత జీపు తలుపు చక్కగా బోధిస్తుంది. మహీంద్రా సంస్థ మనదేశంలో విల్లీస్ జీపులను 1940ల చివరలో కూర్చడం ప్రారంభించింది. తొలినాటి జీపులకు గుడ్డ పైకప్పే గాని రేకు తలుపులు లేవు. ఎండవానలకు ఓర్వలేక ఎందరో యజమానులు బాడీలు కట్టే షెడ్లలో రేకు పైకప్పులు, తలుపులు పెట్టించుకున్నారు. అరకు ప్రాంతపు కొండదారులలో అటువంటి పాత జీపులు ఇప్పటికీ ప్రయాణికులను మోస్తున్నాయి.

తలుపు అంటే ఒకే రేకు కాదు. లోపలి రేకు, వెలుపలి రేకు కలిసిన సన్నని పెట్టె అది. వెలుపలి రేకు అంచును లోపలి రేకు మీదికి మడిచి బిగిస్తారు. అద్దం పక్కనుండే రబ్బరు ఎండి బీటలు వారితే వాననీరు ఆ పెట్టెలోకి దిగుతుంది. ఆ నీరు పోవడానికే అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. బురదతో అవి పూడుకుపోయాయా, తలుపు అడుగు తడిమట్టి తొట్టిగా మారుతుంది. మట్టి కప్పిన చోట గాలి తక్కువ కదా, తుప్పు కూడా తక్కువే అని మనకు తోచవచ్చు. వాస్తవం దీనికి విరుద్ధం. గాలి బాగా సోకే భాగానికీ, సోకని భాగానికీ మధ్య చిన్న విద్యుత్ ఘటం వంటిది ఏర్పడుతుంది. అందులో కరిగిపోయేది గాలి సోకని చోటే. నీటిలో ఉప్పు ఉంటే ఆ విద్యుత్తు మరింత సులభంగా ప్రవహిస్తుంది. సముద్రతీరపు ఊళ్లలో వాహనాలు త్వరగా పాడవడానికి కారణమిదే.

అందుచేత తుప్పు కంటికి కనబడేనాటికే ఆలస్యమవుతుంది. పైన రంగు కందిగింజంత ఉబ్బితే లోపల అరచేయంత రేకు తినబడి ఉండవచ్చు. కీలు బిగించిన చోట, గొళ్లెం పట్టే చోట ఇలా జరిగితే ప్రమాదం తప్పదు. కిక్కిరిసిన జీపులో తలుపుకు ఆనుకొని కూర్చున్నవారి ప్రాణం ఆ రెండు చోట్ల మీదనే ఆధారపడి ఉంటుంది.

మరమ్మతులో మొదటి పని తలుపును కీళ్ల నుండి విడదీయడం. విల్లీస్ వరుస జీపులలో ఇంధనపు ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. తలుపును బండికి ఉంచి వెల్డింగు చేయడం సాహసం కాదు, అవివేకం. అద్దం, రబ్బరు తీసివేసి, స్క్రూడ్రైవరు పిడితో రేకును తట్టి చూడాలి. గట్టి రేకు ఖణిల్లుమంటుంది. తుప్పు తిన్నది బోలుగా పలుకుతుంది. ఖణిల్లుమనే చోటు వరకు కోసివేయాలి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. సగం చెడిన అంచుకు అతుకు వేస్తే వెల్డింగు వేడికే అది చిల్లులు పడుతుంది. తరువాత కాగితంతో కొలత తీసి, 18 లేదా 20 గేజి రేకును కత్తిరించి, అంచు మడిచి అమర్చాలి. ఒక కొస నుండి ఏకధాటిగా వెల్డింగు చేస్తే రేకు వంకరపోతుంది. అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క వేస్తూ, చల్లారనిస్తూ పూర్తి చేయాలి.

కొందరు ఇంత శ్రమ పడక చిల్లును లప్పంతో పూడ్చి రంగు వేస్తారు. అమ్మకానికి పెట్టిన బండి అయితే అది పచ్చి మోసం. లప్పం చదును చేయడానికే గాని బలాన్ని ఇవ్వదు. తెలిసిన కొనుగోలుదారు అయస్కాంతం వెంట తీసుకొనిపోతాడు. మందంగా లప్పం ఉన్న చోట అది అంటుకోదు.

చిల్లు పడని రేకుపై గుంటలలో మిగిలిన సన్నని తుప్పుకు వేరొక చికిత్స ఉంది. వైరు బ్రష్షుతో రుద్ది, టానిక్ ఆమ్లం కలిసిన ద్రవం పూస్తే ఎర్రని తుప్పు నల్లని గట్టి పొరగా మారుతుంది. ఇది మనకు కొత్త విద్య కాదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి, కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డపై ఆ ద్రవంతో గీస్తారు. కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. అక్కడ అందానికి ఉపయోగపడే రసాయనమే ఇక్కడ రక్షణకు ఉపయోగపడుతున్నది.

ఆపైన ప్రైమరు, రంగు పూస్తారు. వెల్డింగు అతుకులపై జింకు ప్రైమరు పూయడం మేలు. జింకు తాను ముందుగా క్షీణిస్తూ ఇనుమును కాపాడుతుంది. చాలామంది పైరంగుతో పని ముగిస్తారు గాని, తుప్పు పుట్టింది లోపల కనుక అసలు కాపుదల అక్కడే కావాలి. రంగు ఆరిన పిదప తలుపు లోపలి మడతలలోకి మైనపు ద్రవాన్ని చిమ్మించాలి. ఆ ద్రవం గడ్డకట్టక ముందే అడుగు రంధ్రాలలో సన్నని తీగ దూర్చి, అవి మూసుకుపోలేదని చూసుకోవాలి. కొత్త రబ్బరు అమర్చి తలుపును బిగించిన తరువాత చెంబెడు నీరు అద్దం మీద పోయండి. ఆ నీరు అడుగు రంధ్రాల నుండి ధారగా కారిపోతే పని పూర్తయినట్లే.