గోడ ఎవరిది? బొమ్మ ఎవరిది?

కళను వీధిలోకి తెచ్చామని నగరపాలకులు, కళాసంస్థలు ఇటీవలి కాలంలో తరచుగా చెప్పుకుంటున్నారు. ప్రదర్శనశాలకు తలుపు ఉంటుంది, తలుపు దగ్గర కాపలా ఉంటుంది, లోపలికి వచ్చేవాడి చెప్పులను, చొక్కాను తేరిపార చూసే కళ్లు ఉంటాయి. గోడకు ఇవేవీ లేవు. దారిన పోయే ప్రతివారూ ప్రేక్షకులే. 2014లో ఏర్పడిన స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఈ భావన మీదనే ఢిల్లీలోని లోధీ కాలనీలో, హైదరాబాదులోని ఎం.ఎస్. మక్తాలో, ముంబయిలోని సాసూన్ డాక్‌లో, చెన్నైలోని కన్నగి నగర్‌లో కుడ్యచిత్రాలను, ఇన్‌స్టలేషన్లను నెలకొల్పింది. వాటిలో చాలా భాగం అందమైనవి. ఆ సంగతిలో నాకు పేచీ లేదు. పేచీ అంతా ‘ఉచితం’ అన్న మాటతోనే. ఉచితమైనదల్లా బహిరంగం కాదు. కుల సమాజంలో ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని కొలవకుండా వీధికళను ప్రజాస్వామ్య కళగా ప్రకటించడం తొందరపాటు.

ఈ దేశంలో వీధి పుట్టుకతో అందరిదీ కాదు. కొట్లాడి అందరిదిగా చేయవలసి వచ్చింది. 1924లో మొదలైన వైకోం సత్యాగ్రహం ఆలయ ప్రవేశం కోసం జరిగిందని చాలామంది విద్యార్థులు పరీక్షల్లో రాస్తుంటారు. నిజానికి అది ఆలయం చుట్టూ ఉన్న దారులలో నడిచే హక్కు కోసం జరిగింది. 1925 నవంబరు నాటికి మూడు వైపుల దారులు తెరుచుకున్నాయి. తూర్పు దారి అప్పటికీ తెరుచుకోలేదు. రాజ్యాంగంలోని 15(2) అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లను, బహిరంగ వినోద స్థలాలను పేరుపెట్టి చెప్పడం వెనుక ఇటువంటి అనుభవాల బరువు ఉంది. వినోద స్థలం అన్న మాట ఎంత నెత్తుటి మాటో 1991లో చుండూరు చూపించింది. సినిమా హాలులో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగలడంతో రాజుకున్న వివాదం ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య దాకా వెళ్లింది. హాలులో టికెట్టు ధరకు కులం లేదు, కుర్చీకి ఉంది. టికెట్టు కొనడం వల్ల రాని సమానత్వం టికెట్టు లేకపోవడం వల్ల దానంతటదే వస్తుందనుకోవడం అమాయకత్వం.

పైగా మన వీధులకు ఉచిత ప్రదర్శన కొత్తది కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు గజాల కొద్దీ గుడ్డ మీద వేసిన పటాన్ని వాడ నడుమ విప్పి, ఒక్కొక్క బొమ్మను చూపుతూ రాత్రంతా కథ చెప్పే సంప్రదాయం తెలంగాణలో శతాబ్దాల పాటు నడిచింది. అక్కడా టికెట్టు లేదు. కానీ ఆ పటానికి కులం ఉంది. కాకిపడగల వారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పారు, కూనపులి వారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పారు, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పారు. ప్రతి కులానికీ తన పటం, తన కథకుడు, తన వాడ. జాంబపురాణం మాదిగలను సృష్టికి మొదట నిలిపే కథ. ఊరు చెప్పే కథకు వాడ చెప్పుకున్న జవాబు. ఆ కథ చెప్పే డక్కలివారిని మాదిగల కంటే కింద నిలబెట్టిన శ్రేణి కూడా అదే వ్యవస్థలోనిది. ఇవాళ చేర్యాల బొమ్మ భౌగోళిక గుర్తింపు పొంది, అతిథి గృహాల గోడలకు, బహుమతి పెట్టెలలోకి చేరింది. పురాణం మాత్రం వాడలోనే ఉండిపోయింది, చెప్పేవాడు ఉంటే. బొమ్మను కథ నుంచి విడదీస్తే అది ఎవరి గోడ మీదనైనా ఇమిడిపోతుంది. ప్రభుత్వ గోడల మీద ‘జానపద కళ’ పేరిట కనిపించేది ఎక్కువగా ఇటువంటి బొమ్మే: బోనం ఎత్తిన స్త్రీ ఉంటుంది, డప్పు ఉంటుంది, డప్పు కొట్టేవారి ఇల్లు ఎటువైపు ఉందో మాత్రం ఉండదు.

హైదరాబాదులో 2016లో రెండు బహిరంగ ప్రదర్శనలు జరిగాయి. రెండవదాని గురించి పత్రికల కళాపుటలు రాశాయి, మొదటిదాన్ని ప్రదర్శన అని ఎవరూ అనలేదు.

ఆ ఏడాది నవంబరులో రాజ్‌భవన్‌కు, హుస్సేన్‌సాగర్‌కు మధ్య ఒదిగి ఉన్న ఎం.ఎస్. మక్తా అనే శ్రామికుల బస్తీలో దేశవిదేశాల చిత్రకారులు గోడల నిండా బొమ్మలు వేశారు. అధికార యంత్రాంగం సహకరించింది. ఇరుకు సందులు ‘కళావాడ’ అయ్యాయి. దానికి పది నెలల ముందు, జనవరిలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వసతి గృహం నుంచి వెళ్లగొట్టబడిన అంబేద్కర్ విద్యార్థి సంఘానికి చెందిన ఐదుగురు పరిశోధకులు ప్రాంగణంలోని దుకాణాల సముదాయం దగ్గర ఒక గుడారం వేసుకున్నారు. పరుపులు, పుస్తకాలు, అంబేద్కర్, ఫూలే, సావిత్రీబాయిల చిత్రాలతో ముద్రించిన ఫ్లెక్సీలు. ఆ ఫ్లెక్సీలే గోడలు. దానికి వారు పెట్టిన పేరు ‘వెలివాడ’. ఆ అయిదుగురిలో ఒకరైన రోహిత్ వేముల జనవరి 17న మరణించాడు.

ఇన్‌స్టలేషన్ అంటే ఏమిటి? మామూలు వస్తువులను ఒక స్థలంలో అమర్చి, ఆ స్థలం దాచుకున్న అర్థాన్ని బయటపెట్టడం. ఈ నిర్వచనానికి వెలివాడ కంటే సరిపోయే కృతి మన నగరంలో నాకు కనిపించదు. విజ్ఞాన కేంద్రం నడిబొడ్డున ఊరి చివరి వాడను కట్టి చూపింది. దానికి క్యూరేటర్ లేడు, రంగుల కంపెనీ సహాయం లేదు, ప్రారంభోత్సవం లేదు. అది అక్కడ ఉండాలా, తొలగించాలా అన్నది ఆ తర్వాత ఏళ్ల తరబడి వివాదంగానే సాగింది. ఒకే నగరంలో ఒకే ఏడాది ఒక బస్తీ గోడ మీద బొమ్మకు స్వాగతం, ఒక ప్రాంగణంలోని ఫ్లెక్సీకి అభ్యంతరం. తేడా రంగులో లేదు. బస్తీలో బొమ్మ అక్కడివారికి బయటినుంచి వచ్చిన కానుక. వెలివాడలో అక్కడివారే స్థలం తీసుకున్నారు. కానుకకు మన పాలనా వ్యవస్థ దగ్గర చోటు ఉంటుంది.

చెన్నై కన్నగి నగర్ ఈ ప్రశ్నను ఇంకా లోతుకు తీసుకుపోతుంది. 2000 సంవత్సరం నుంచి నగరంలోని నదీతీరాల మురికివాడలను ఖాళీ చేయించి, కేంద్రానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన నెలకొల్పిన పునరావాస కాలనీ అది. అక్కడికి చేరినవారిలో దళితుల సంఖ్య గణనీయం. మొదట్లో కట్టిన ఇళ్లు 200 చదరపు అడుగులకు కాస్త అటూఇటూ. పని నగరంలో ఉండిపోయింది, ఇల్లు నగరం బయటికి వెళ్లింది. కన్నగి నగర్ అని చిరునామా రాస్తే ఉద్యోగం రాదన్న భయంతో యువకులు వేరే చిరునామాలు ఇచ్చుకున్న ఉదంతాలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. 2020లో నగరపాలక సంస్థతో కలిసి అక్కడి బహుళ అంతస్తుల గోడల మీద భారీ చిత్రాలు వేయించారు. ఇందులో మేలు లేదనడం అన్యాయం. అంతవరకు నేరవార్తల కోసమే ఆ కాలనీకి వచ్చిన విలేకరులు బొమ్మల కోసం వచ్చారు. తమ పేట పేరు మరో సందర్భంలో వినబడటం అక్కడి పిల్లలకు చిన్న విషయం కాదు. చిరునామా మోసే అవమానం తెలిసినవారు దానిని తేలికగా తీసివేయలేరు.

అయితే ఆ గోడ వెనుక నీళ్ల కుళాయి, మురుగు కాలువ, బస్సు, బడి ఎక్కడివక్కడే ఉండగా గోడ ముఖం మాత్రం మారితే, అది వెలిని అందంగా చూపించే పని అవుతుంది. చూపు విషయం కూడా ఉంది. ప్రదర్శన ఉచితమంటే ఎవరికి ఉచితం? సెలవు రోజున కెమెరాతో వచ్చినవారికి బొమ్మే కాదు, బస్తీ గుమ్మాలు, ఆరేసిన బట్టలు, అంట్లు తోముతున్న స్త్రీ కూడా ఉచితంగా లభిస్తాయి. లోధీ కాలనీ ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లు గనుక ఈ విమర్శకు కొంత మినహాయింపు. కానీ గేటెడ్ కమ్యూనిటీల ప్రహరీ లోపలి గోడల మీద బొమ్మ వేసి, నగర ప్రజలారా, వచ్చి ఉచితంగా చూడండి అన్నవారు ఇంతవరకు నా దృష్టికి రాలేదు.

2017 నవంబరు, డిసెంబరు నెలల్లో సాసూన్ డాక్‌లో జరిగిన ప్రదర్శన ఈ చిక్కును కొంత గుర్తించింది. 1875లో కట్టిన ఆ రేవులో కోలీ మత్స్యకారులు, చేపలు ఒలిచే స్త్రీలు పనిచేస్తారు. ఫ్రెంచి కళాకారుడు జేఆర్ మొదలుపెట్టిన ‘ఇన్‌సైడ్ అవుట్’ పద్ధతిలో అక్కడి మనుషుల ముఖాలనే నలుపు తెలుపు ఛాయాచిత్రాలుగా గోడకు అతికించారు. దక్షిణ ముంబయి ముక్కు మూసుకుని దాటిపోయే చోటికి జనం వచ్చి ఆ ముఖాలను తలెత్తి చూశారు. వాసన అన్నది కులానికి పాత ఆయుధం; చేపల వాసన మధ్య నిలబడి చూడక తప్పని పరిస్థితి కల్పించడం అక్కడి గోడల కంటే గొప్ప పని అని నా అభిప్రాయం. ప్రదర్శన ముగిశాక రేవులో పనిచేసే స్త్రీల కూలి, మరుగుదొడ్డి, నీడ గురించి మాట్లాడటానికి ఆ ప్రేక్షకులలో ఎందరు మిగిలారన్నది వేరే సంగతి.

మన రెండు రాష్ట్రాల పురపాలక సంస్థలు స్వచ్ఛ సర్వేక్షణ్ మార్కుల కోసం, పుష్కరాల కోసం, పెట్టుబడిదారుల సదస్సుల కోసం ప్రజాధనంతోనే గోడలకు రంగులు వేయిస్తున్నాయి. చీపురు బొమ్మ వేస్తారు, చీపురు పట్టుకున్నది ఏ కులమో గోడ చెప్పదు. మూత్రవిసర్జన ఆపడానికి దేవుళ్ల పలకలు అతికించే మన ఇళ్ల గోడల తెలివి కూడా ఇటువంటిదే. అవసరమైన మరుగుదొడ్డికి బదులు ఒక బొమ్మ. ఫ్లెక్సీ యంత్రం వచ్చాక పని పోగొట్టుకున్న బోర్డు చిత్రకారులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వారి చేతిరాత వీధిని దశాబ్దాలు నడిపించింది. గుత్తేదారు వారిని దినకూలికి పిలుస్తాడు, బొమ్మ కింద పేరు రాయనివ్వడు.

దీనికి ఎదురుగా, వాడలు తామే చందాలు వేసుకుని నిలబెట్టుకున్న అంబేద్కర్ విగ్రహాలు ఉన్నాయి. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో, 2024 జనవరిలో విజయవాడలో ప్రభుత్వాలు ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహాల శిల్పి ఎవరో అందరికీ తెలుసు. ఊరి కూడలిలోని సిమెంటు విగ్రహం ఎవరు పోశారో ఎక్కడా రాసి ఉండదు. ఆ నీలి కోటు, చేతిలో పుస్తకం, ఎత్తిన వేలు ఈ దేశంలో అతి పెద్ద ఉచిత ప్రదర్శన. వాటికి చెప్పుల దండ వేసినప్పుడో, చేయి విరగ్గొట్టినప్పుడో తప్ప అవి వార్త కావు. కళావిమర్శకు అవి ఇంతవరకు కృతులు కానేలేదు.

ఎండావానలకు గోడల మీది రంగులు ఎలాగూ వెలిసిపోతాయి, మళ్లీ రంగు వేయక తప్పదు. అప్పుడు పురపాలక సంస్థ ఒప్పందంలో నాలుగు వాక్యాలు చేర్చవచ్చు. బొమ్మ ఏమిటో బస్తీ సభ నిర్ణయిస్తుంది, అందులో స్త్రీలు, పారిశుద్ధ్య కార్మికులు కూర్చుంటారు. స్థానిక బోర్డు చిత్రకారుడికి పిలిపించిన కళాకారుడితో సమానంగా పారితోషికం, గోడ మీద పేరు. వాడ తనకు తాను పెట్టుకున్న బొమ్మను, విగ్రహాన్ని ఆ సభకు చెప్పకుండా చెరిపే అధికారం ఎవరికీ లేదు. రంగుకు పెట్టిన ఖర్చు, అదే బస్తీలో కాలువకు పెట్టిన ఖర్చు ఒకే బోర్డు మీద పక్కపక్కన రాస్తారు. వీటికి కొత్త చట్టం అక్కరలేదు. వార్డు సమావేశంలో ఒక తీర్మానం చాలు.