నారింజ వాగు నుండి కాకినాడ అఖాతం వరకు

జహీరాబాదుకు సముద్రం చాలా దూరం. మన విద్యార్థులలో కడలిని కన్నులారా చూడని వారు ఎందరో ఉన్నారు. అట్టి మనకు తీర రక్షణతో పనియేమి అనే ప్రశ్న సహజంగానే కలుగుతుంది. దానికి మన నారింజ వాగే సమాధానం చెప్పగలదు. ఆ వాగు నీరు కారంజా నది ద్వారా మంజీరను చేరుతుంది. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. గోదావరి ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలుతుంది. గౌతమీ పాయ నుండి వెలువడిన కోరంగి, గాడేరు అనే చిన్న పాయలు కాకినాడ అఖాతంలో పడతాయి. ఉర్దూలో మనం ‘ఖలీజ్’ అనేది ఇట్టి జలభాగాన్నే.

ఈ అఖాతానికి తూర్పున హోప్ దీవి అనే పొడవైన ఇసుక తిన్నె అడ్డుగోడవలె నిలిచి ఉన్నది. పడమర, దక్షిణ దిక్కులలో కోరంగి మడ అడవులు వ్యాపించి ఉన్నాయి. ఈ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మడచెట్టు ఉప్పునీటి బురదలో పెరిగి, గాలి పీల్చే వేళ్ళను పైకి పంపుతుంది. ఆ వేళ్ళ నడుమ రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరిగి పెద్దవవుతాయి. తుఫాను వేళ అలల ఉద్ధృతిని ఈ చెట్లు తగ్గిస్తాయి. 1996 నవంబరు 6న కాకినాడకు దిగువన తీరం దాటిన తుఫానులో వేయిమందికి పైగా మరణించారు. అట్టి తీరంలో మడ అడవి విలువ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను ఈ అడవులు క్షీణించాయి. పూర్వం వంతుల వారీగా భాగాలు చేసి చెట్లను పూర్తిగా నరికేవారు. నీడ లేని నేల ఎండకు ఎండి, కుంగి, పళ్ళెంవలె గుంటపడేది. పోటు నీరు అందులో నిలిచిపోయి ఆవిరి కాగా, ఉప్పు పేరుకొనేది. అట్టి నేలలో ఎన్ని మొక్కలు నాటినను బ్రతకవు.

1988లో మద్రాసులో స్థాపితమైన ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, మట్లపాలెం, భైరవలంక వంటి గ్రామాల ప్రజలు కలిసి 1990 దశకం చివర దీనికి మార్గం కనుగొన్నారు. చేప వెన్నెముకవలె నడుమ ఒక పెద్ద కాలువను, దానికి ఇరువైపుల ఏటవాలుగా చిన్న కాలువలను త్రవ్వారు. పోటు నీరు వచ్చి, పాటుతో తిరిగి పోసాగింది. ఉప్పు తగ్గింది. అప్పుడు నాటిన మొక్కలు నిలిచాయి.

నీటికి దారి చేయుట ఎంత అవసరమో మనుషులకు దారి చేయుట కూడ అంతే అవసరమైనది. వంటచెరకు, పశువుల మేత కొరకు అడవిపై ఆధారపడిన వారిని కేవలం నిషేధాలతో ఆపలేము. కావున గ్రామాలలో సంఘాలు ఏర్పరచి, ప్రతి కుటుంబం నుండి ఒక పురుషుని, ఒక స్త్రీని సభ్యులుగా చేర్చుకొన్నారు. అడవి కాపలాలోను, నిర్ణయాలలోను వారికి భాగం లభించింది. ప్రజల వద్దకు పోవుట అంటే ఉపన్యాసం చెప్పి తిరిగి వచ్చుట కాదని, బాధ్యతతో పాటు హక్కును కూడ పంచుకొనుట అని దీనివలన తెలుస్తున్నది.

ఈ పని ముగిసినదని అనుకొనరాదు. 2020లో కాకినాడ దుమ్ములపేట వద్ద పేదల ఇళ్ళ స్థలాల కొరకు మడచెట్లు నరికిన వివాదం న్యాయస్థానాల వరకు పోయింది. పేదకు ఇల్లు కావలెను. ఆ ఇంటిని తుఫాను నుండి కాచే అడవి కూడ కావలెను. ఈ రెంటిని ఎదురెదురుగా నిలబెట్టుట పేదకే నష్టం.

బయటి స్వచ్ఛంద సేవకులకు కూడ ఇందులో స్థానం ఉన్నది. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరాన ప్రారంభమైన తీర శుభ్రత ఉద్యమం నేడు అనేక దేశాలలో ఏటా సెప్టెంబరులో జరుగుతున్నది. అందులో పాల్గొనేవారు చెత్తను ఏరుటయే గాక, ఏ వస్తువులు ఎన్ని దొరికాయో లెక్క వ్రాస్తారు. చెత్త ఎక్కడ పుట్టుచున్నదో తెలుసుకొనుటకు ఆ లెక్కయే ఆధారం.

విద్యార్థులారా, ఇట్టి లెక్క వ్రాయుటకు కాకినాడ వరకు పోనక్కరలేదు. సంఘశక్తి మనకు కొత్తది కాదు. మన పక్కనే పస్తాపూరులో 1983లో ప్రారంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో గ్రామీణ స్త్రీలు సంఘాలుగా ఏర్పడి చిరుధాన్యాల విత్తనాలను కాపాడుకొన్నారు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం కళాశాలలకు సేవామార్గం చూపింది. నారింజ వాగులో పడే ప్లాస్టిక్ సంచులను, సీసాలను ప్రతినెల లెక్కించి, ఒడ్డున నివసించే వారితో కలిసి కూర్చుండి, ఆ చెత్త వేయుటకు వేరొక చోటు కుదుర్చుట మన వల్ల కాని పని కాదు. అందుకు ఒక రిజిస్టరును, నెలకొక ఆదివారాన్ని కేటాయించవలెనని కళాశాల కమిటీ వారిని కోరుచున్నాము. ఖిద్మత్ మన గడప వద్దనే మొదలు కావలెను. దాని ఫలం ఎక్కడో ఉన్న జాలరి వలలో పడినను మనకు సంతోషమే.