ఆపదకు ముందే అమరవలసిన వైద్యసామగ్రి: ఢిల్లీ మహానగర అనుభవము

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లని తెలుగునాట ఒక సామెత కలదు. అగ్నిప్రమాదము, భూకంపము, రైలు ప్రమాదము, బాంబు ప్రేలుడు, ఇవి ముందుగా కబురు పంపి వచ్చునవి కావు. సామాన్య దినములలో ప్రతి ఆసుపత్రియు రోజుకు ఇందరు రోగులు వత్తురను అంచనాతో సరకు తెప్పించుకొనును. ఒకే గంటలో నూరుగురు క్షతగాత్రులు వాకిట దిగినచో ఆ అంచనా తలక్రిందులగును. అప్పుడు వైద్యుడున్నను, పడక యున్నను, కట్టుగుడ్డ, సెలైను, రక్తము, ప్రాణవాయువు చేతికందనిచో వైద్యుని నేర్పు నిష్ఫలమగును. కావున ఆపత్కాలమునకై వైద్యసామగ్రిని ముందుగా కూడబెట్టి యుంచుట ప్రజారోగ్య రక్షణలో ముఖ్యమైన భాగము.

అయితే నిల్వ యనగానేమి? గిడ్డంగి పుస్తకములో వ్రాసిన సంఖ్య నిల్వ కాదు. గాయపడినవానికి వేళకు అందినదే నిల్వ. ఈ భేదమెంత గొప్పదో ఢిల్లీ నగరమును, దానిని చుట్టియున్న రాజధాని ప్రాంతమును చూచిన తెలియగలదు.

ఒక్కొక్క ఆపదకు ఒక్కొక్క అవసరము

1997 జూన్ 13వ తేదీన దక్షిణ ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో నిప్పంటుకొని 59 మంది మరణించిరి, నూరుమందికి పైగా గాయపడిరి. భవనము క్రిందిభాగమున నున్న ట్రాన్స్‌ఫార్మరు నుండి పుట్టిన పొగ పైనున్న బాల్కనీని క్రమ్ముకొనెను. చనిపోయినవారిలో పెక్కురు మంటకు గాక పొగకు ఊపిరాడక ప్రాణములు విడిచినవారే. ఇట్టి ప్రమాదమున ముఖ్యముగా కావలసినవి ప్రాణవాయువు, ముక్కునకు నోటికి అమర్చు మాస్కులు, శ్వాసనాళమున ప్రవేశపెట్టు గొట్టములు.

2005 అక్టోబరు 29వ తేదీన, దీపావళికి ముందు జనసమ్మర్దముగా నున్న సాయంసమయమున పహార్‌గంజ్, సరోజినీ నగర్ బజారులలోను, గోవింద్‌పురిలో ఒక బస్సులోను బాంబులు ప్రేలి అరువదిమందికి పైగా మరణించిరి. 2008 సెప్టెంబరు 13వ తేదీన కరోల్‌బాగ్, కన్నాట్ ప్లేస్, గ్రేటర్ కైలాస్ ప్రాంతములలో కొద్ది నిమిషముల వ్యవధిలో ప్రేలుళ్ళు జరిగెను. 2025 నవంబరు 10వ తేదీ సాయంత్రము ఎర్రకోట సమీపమున ఒక కారు ప్రేలి పదిమందికి పైగా మరణించగా, గాయపడినవారిని దగ్గరలోని లోక్‌నాయక్ ఆసుపత్రికి చేర్చిరి. ఇట్టి సమయములలో రక్తస్రావము నరికట్టు పట్టీలు, విరిగిన ఎముకలకు కట్టు బద్దలు, కాలినగాయముల మందులు, ధనుర్వాతపు టీకా, శస్త్రచికిత్స పనిముట్లు, రక్తము ఎక్కువగా అవసరమగును.

భూకంపమునందు వేరొక అవసరము కలదు. శిథిలముల క్రింద గంటలకొలది నలిగిన కండరముల నుండి విషపదార్థములు రక్తమున చేరి మూత్రపిండములను చెరచును. అందుచేత సెలైను సీసాలతోపాటు డయాలిసిస్ యంత్రములు కూడ కావలసివచ్చును. ఢిల్లీ నగరము 2002 నాటి భూకంప మండల పటమునందు నాల్గవ మండలములో చేర్చబడియుండెను. 2025 ఫిబ్రవరి 17వ తేదీ తెల్లవారుజామున ధౌలాకువాఁ ప్రాంతమే కేంద్రముగా 4.0 తీవ్రతతో భూమి కంపించెను. నష్టము లేకపోయినను అది ఒక హెచ్చరిక వంటిది.

కావున ఒకే జాబితా అన్ని ఆపదలకు చాలదు. తమ ప్రాంతమున ఏ ఆపదలు రాగలవో ముందుగా ఎన్నుకొని, ఒక్కొక్కదానికి కావలసిన సామగ్రిని వేరువేరుగా నిర్ణయించుకొనవలెను. 2005వ సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టము ననుసరించి ఏర్పడిన జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ, 2007లో సామూహిక ప్రమాదములయందు వైద్య సన్నద్ధతను గూర్చి మార్గదర్శకములను వెలువరించినది.

2021 ఏప్రిల్ నేర్పిన పాఠము

కరోనా రెండవ విజృంభణకాలమున, 2021 ఏప్రిల్ 20వ తేదీన, ఢిల్లీలో ఒక్క దినముననే 28 వేలకు పైగా క్రొత్త రోగులు నమోదైరి. ఆసుపత్రులలో ప్రాణవాయువు కొన్ని గంటలకు మాత్రమే చాలునట్లుండెను. కొన్నిచోట్ల అది కూడ అడుగంటి, చికిత్స పొందుచున్న రోగులే మరణించిరి.

దేశములో ప్రాణవాయువు లేకపోలేదు. తూర్పుదిక్కున నున్న ఉక్కు కర్మాగారములలో అది తయారగుచునే యుండెను. కాని ద్రవరూపమున నున్న ప్రాణవాయువును సున్నకు దిగువ 183 డిగ్రీల చలిలో భద్రపరచి తేవలెను. అట్టి ప్రత్యేకమైన టాంకరులు కొద్దిగానే యుండెను. దారి వందలకొలది మైళ్ళు. మధ్యలో రాష్ట్రముల సరిహద్దులు. వైద్య ప్రాణవాయువు రవాణాకు ఎచ్చటను ఆటంకము కలుగరాదని కేంద్ర హోంశాఖ ఏప్రిల్ 22వ తేదీన ఉత్తర్వు చేయవలసివచ్చెను. అదే దినమున విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమునుండి ప్రాణవాయువు నింపిన టాంకరులతో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకు బయలుదేరెను. రాయగఢ్ నుండి ఢిల్లీకి మొదటి రైలు చేరునప్పటికి ఏప్రిల్ 27వ తేదీ వచ్చినది. దాని యందున్నది సుమారు 70 టన్నులు.

అత్యవసర ప్రాణవాయు నిల్వలను నెలకొల్పవలెననియు, వానిని ఒకేచోట గాక పలుచోట్ల ఉంచవలెననియు సుప్రీంకోర్టు ఏప్రిల్ 30వ తేదీ ఉత్తర్వులో ఆదేశించినది. ఆ తర్వాత ఎయిమ్స్, రామమనోహర్ లోహియా ఆసుపత్రులలో గాలినుండియే ప్రాణవాయువును వేరుచేయు యంత్రములు అమర్చబడెను. తేజస్ యుద్ధవిమానములో వైమానికునికై రూపొందించిన పరిజ్ఞానమును రక్షణ పరిశోధనా సంస్థ ఈ పనికి వినియోగించినది.

వస్తువు దేశమున నుండుట వేరు, రోగి పడక చెంత నుండుట వేరు. ఈ రెంటికిని నడుమ నున్న దూరమే అనేక ప్రాణములను బలిగొన్నది.

లెక్క వేయు విధము

సన్నద్ధతకు ఆధారము లెక్క. ఉదాహరణకు ఒక ప్రమాదమున నూరుమంది గాయపడిరనియు, వారిలో ఇరువదిమందికి నిమిషమునకు 10 లీటర్ల చొప్పున ప్రాణవాయువు కావలెననియు అనుకొందురు గాక. నిమిషమునకు 200 లీటర్లు, గంటకు 12,000 లీటర్లు, రోజుకు 2,88,000 లీటర్లు అగును. ఆసుపత్రులలో కనబడు పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్ల వాయువుండును. అనగా ఆ ఇరువదిమందికే ఒక రోజునకు 42 పెద్ద సిలిండరులు కావలెను. ద్రవరూపమునందు ఒక లీటరు సుమారు 860 లీటర్ల వాయువుగా వ్యాపించును గనుక అంతే అవసరమునకు దాదాపు 335 లీటర్ల ద్రవము సరిపోవును.

ఈ విధముగానే కట్టుగుడ్డలు, సెలైను సీసాలు, స్ట్రెచరులు, చేతితొడుగులు, శస్త్రచికిత్స పెట్టెలు, అన్నిటికిని లెక్క కట్టవలెను. బయటినుండి సహాయము వచ్చుటకు ఎన్ని గంటలు పట్టునో అన్ని గంటలకు చాలిన సరకు ఆసుపత్రిలోనే యుండవలెను. గాయపడినవారిని వేరుచేయు రంగుచీట్లు కూడ ఈ సామగ్రిలోనివే. వెంటనే చికిత్స కావలసినవారికి ఎరుపు, కొంతసేపు ఆగగలవారికి పసుపు, స్వల్పగాయములవారికి ఆకుపచ్చ, ప్రాణము లేనివారికి నలుపు చీటి కట్టుదురు. చవుకైన ఈ చీటి లేనిచో విలువైన యంత్రము కూడ తగినవానికి దక్కకపోవచ్చును.

ఎచ్చట ఉంచవలెను?

2001 జనవరి 26వ తేదీ భూకంపమున గుజరాతులోని భుజ్ పట్టణపు ప్రభుత్వ ఆసుపత్రియే కూలిపోయినది. నిల్వ అంతయు ఒకే కప్పు క్రింద నున్నచో ఆ కప్పు కూలిన దినమున అదియు పోవును. కావున సామగ్రిని నగరము నలుమూలల, గట్టి భవనములలో, వరదనీరు చేరని అంతస్తులలో పంచి యుంచవలెను. రాజధాని ప్రాంతము ఒక్క ఢిల్లీయే కాదు. నోయిడా, గాజియాబాద్ ఉత్తరప్రదేశ్‌లోను, గురుగ్రామ్, ఫరీదాబాద్ హర్యానాలోను కలవు. గాయపడినవాడు సరిహద్దు నెరుగడు. ఎవరి గిడ్డంగినుండి ఎవరికి ఎంత సరకు పోవలెనో, ఆ ఉత్తర్వు ఎవరు చేయవలెనో, ఆపదకు ముందే వ్రాతమూలముగా నిర్ణయింపబడవలెను.

వాడుకలో నున్న నిల్వయే నిల్వ

మందునకు గడువు కలదు. రబ్బరు గొట్టము ఎండి చిట్లును. బ్యాటరీ చచ్చును. పదేండ్ల క్రింద కొని తాళము వేసిన పెట్టె అవసరపు వేళ తెరచినచో అందుండి దుమ్ము మాత్రమే లభింపవచ్చును. దీనికి మార్గము సులభమైనదే. అత్యవసర నిల్వనుండి పాత సరకును రోజువారీ వార్డులకు పంపుచు, దాని స్థానమున క్రొత్తసరకు నింపుచుండవలెను. ధాన్యపు పాతరలో పాతగింజను ముందుగా వాడుకొను రైతునకు ఈ పద్ధతి క్రొత్త కాదు. ప్రాణవాయు యంత్రములకు విద్యుచ్ఛక్తి కావలెను గనుక జనరేటరును, దాని డీజిలును తరచుగా పరీక్షించుచుండవలెను. ఏడాదికొకసారి కృత్రిమ ప్రమాదమును కల్పించి, పెట్టెలు తెరచి, సిబ్బందిచే అభ్యాసము చేయించుట మరియు మేలు.

కదలివచ్చు ఆసుపత్రి

భారత ప్రభుత్వము సిద్ధపరచిన భీష్మ్ క్యూబ్ ఈ ఆలోచనలకు రూపము. విడదీసి మోయదగిన చిన్న పెట్టెల సముదాయమిది. సుమారు 200 మంది క్షతగాత్రులకు ప్రథమ వైద్యము చేయుటకును, రోజుకు పది పదునైదు సామాన్య శస్త్రచికిత్సలు చేయుటకును చాలిన సామగ్రి అందుండును. పరిమితముగా విద్యుత్తును, ప్రాణవాయువును తానే తయారుచేసికొనును. 2024 జనవరిలో అయోధ్య ఉత్సవమునకు ఇట్టివి పంపబడెను. ఆ యేడు మేనెలలో వైమానిక దళము ఆగ్రాలో దీనిని విమానమునుండి పారాచూటుతో దించి పరీక్షించినది. ఆగస్టులో నాలుగు క్యూబులు ఉక్రెయినుకు బహూకరింపబడినవి.

పౌరుల పాత్ర

ఏ గిడ్డంగిలోను చిరకాలము దాచలేని వస్తువొకటి కలదు. అది రక్తము. ఎర్రరక్తకణములు సుమారు 35 నుండి 42 దినములును, ప్లేట్‌లెట్లు ఐదు దినములును మాత్రమే నిల్వయుండును. దానికి అసలైన గిడ్డంగి ఆరోగ్యవంతులైన పౌరుల శరీరములే. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి రక్తదానము చేయవచ్చును. ప్రమాదవార్త విని అందరును ఒకేదినమున పరుగెత్తుటకంటె, ఏడాది పొడవునను వంతులవారీగా ఇచ్చుట హితము. ఏలయన క్షతగాత్రునికి తొలిగంటలో ఎక్కించునది నిన్నటి దాత ఇచ్చిన రక్తమే.

2021లో భయముచే కొందరు సిలిండరులను ఇండ్లలో దాచుకొనిరి. ఒక ఇంట ఊరక పడియున్న సిలిండరు మరొక ఇంట ఆరిపోవుచున్న ప్రాణమును నిలుపగలిగి యుండెడిది. ప్రమాదస్థలమున గుమిగూడక దారి విడుచుట, 112కు ఫోను చేయుట, కారుచున్న రక్తమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుట, ఇవి ప్రతి పౌరుడును చేయదగిన పనులు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, మిత్రరాజ్యముల సైనికులకై ఆపద్ధర్మముగా వెలసిన వైద్యశాలయే నేటి సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. ఆపదకై కట్టినది శాంతికాలమున లక్షలమందికి ఆశ్రయమైనది. ఆపదకై కూడబెట్టిన సామగ్రియు అట్టిదే. వాడుకొన్నచో నిత్యము ఉపకరించును, లెక్కతో కాపాడినచో ఆపత్సమయమున ఆదుకొనును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనవలసిన దుస్థితి తొలగవలెనన్న, ఆకులు ఎచ్చట నున్నవో, ఎవరు తేవలెనో, పచ్చిగా నున్నవో లేవో, నేడే చూచుకొనవలెను.