టొకాయ్ ద్రాక్షాసవము

గేటే మహాకవి 'ఫౌస్ట్' నాటకపు మొదటి భాగమున (1808) లైప్‌జిగ్ నగరపు పానశాల ఘట్టమొకటి కలదు. మెఫిస్టోఫిలీస్ బల్లకు తూట్లు పొడిచి, ఎవరు కోరిన మధువును వారికి పారించును. పులుపు గిట్టదు, తీయనిది కావలెనన్న సీబెల్‌కు లభించినది టొకాయ్. వాడు అజాగ్రత్తగా త్రాగి నేలపై ఒలికించగా, ఒలికినది మంటయై లేచెను. మన విద్యార్థులు ఇట్టిచోట 'ఒక విధమైన సారాయి' అని అర్థము వ్రాసికొని సాగిపోవుదురు. సారాయి బట్టీలో దించునది. ఇది పండ్లరసము పులిసి తయారగునది. ఆయుర్వేదమువారి 'ద్రాక్షాసవము' అను మాటయే దీనికి దగ్గరగా నున్నది.

హంగరీ దేశమున ఈశాన్యముగా, బొద్రోగ్ నది టిసా నదిలో కలియు చోట టొకాయ్ అను ఊరున్నది. శరత్తునందు ఆ నీళ్లపై లేచిన పొగమంచు ప్రొద్దుట తోటలను కప్పును. పిమ్మట ఎండ కాయును. తేమకు ద్రాక్షపై బొట్రైటిస్ అను బూజు పట్టి తోలును తూట్లుపరచును. ఎండకు లోని నీరు ఇగిరి, పండు ముడుతలు పడి, తీపియు పులుపును చిక్కబడును. ఎండ రాక వానలే పట్టినచో ఆ బూజే పంటను కుళ్లబెట్టును! రైతు అదృష్టమంతయు ఆ కొలది వారాలలోనే యున్నది.

ఇట్లు వడలిన పండ్లను 'అసూ' అందురు. వానిని గింజ గింజగా చేత ఏరి, ద్రాక్షరసములోనో ఆసవములోనో నానవేసి పిండుదురు. పూర్వము 136 లీటర్ల పీపాకు ఎన్ని వీపుబుట్టల పండ్లు పడినవో ఆ లెక్కయే తీపికి కొలత. బుట్ట పేరు 'పుత్తోన్'. దానిలో సుమారు 25 కిలోలు పట్టును. 2013లో వచ్చిన నిబంధనలనుబట్టి అసూ అనిపించుకొనుటకు లీటరుకు 120 గ్రాముల చక్కెరయైనను మిగిలియుండవలెను.

అయితే ఎంచుకొనువారు చక్కెర నొక్కదానినే చూడరాదు. పులుపు తోడులేని తీపి పానకమువలె నాలుకకు మొగము మొత్తును. వడ్డించుటలో నియమములు కొన్నియే: పది పండ్రెండు డిగ్రీల చల్లదనము, చిన్న గ్లాసు, అందును కొంచెమే. తోడు పెట్టు మిఠాయి మాత్రము ఆసవముకంటె తక్కువ తీపిగా నుండవలెను. లడ్డు తిన్న నోటితో టీ త్రాగినవారికి ఇందలి కారణము చెప్పనక్కరలేదు. నీలిబూజు పట్టించిన జున్ను దీనికి మంచి జత యని రుచి తెలిసినవారందురు. బూజుకు బూజే తోడు కాబోలు. త్రాగుడని చెప్పుట నా యుద్దేశము కాదు, తెలిసి చదువుడని మాత్రమే.

హంగరీవారికి ఇది వట్టి పానీయము కాదు. ఫెరెంత్స్ కెల్చెయి 1823లో రచించిన వారి జాతీయగీతమున దైవమిచ్చిన వరములలో టొకాయ్ తీగల తేనియయు నొకటి. అందును మిక్కిలి అరుదైనది 'ఎసెన్సియా': ఎవరును పిండకయే, పండ్ల బరువుకు తనంత బొట్టుబొట్టుగా కారిన రసము. లీటరుకు 450 గ్రాములకు తగ్గని తీపివలన అది ఏండ్ల తరబడి పులియుచునే యుండును. దానిని గ్లాసులో పోయక చెంచాతో అందింతురు.